ఆరడుగుల అవతల

"ఆ బేసిను నేను తియ్యను" అంది నజీరా.

గట్టిగా అనలేదు. అయినా వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడకూలీల చేతులు ఒక్కసారిగా ఆగాయి. చిన్నకోడలి నోట అలాంటి మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.

లోపలి గదిలోంచి అత్తగారు జానీబీ పిలవడం అది మూడోసారి. మంచం కింద బేసిను నిండిపోయిందనీ, వాసన భరించలేకపోతున్నాననీ, వచ్చి తీసుకుపొమ్మనీ ఆవిడ సన్నగా మూలుగుతోంది. ఐదు రోజులుగా మొదటి పిలుపుకే పరిగెత్తిన కోడలు ఇవాళ వంటింటి గడప మీద కూర్చుని కదలడం లేదు.

ఆమె ఒళ్ళో ఒక కాగితం ఉంది. పొద్దున్నే అత్తగారి మద్రాసు సంచీ ఉతుకుదామని దులిపితే అడుగు అట్ట కిందనుంచి జారిపడింది. ఆసుపత్రివాళ్ళు ఇంగ్లీషులో టైపు కొట్టించి ఇచ్చిన కాగితం. గుంటూరు కాలేజీలో పి.యు.సి. దాకా చదివిన నజీరాకు అందులో తెలియని మాట ఒక్కటీ లేదు. చదవడం పూర్తికాగానే పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. కడుపుతో ఉంది గనక వికారం ఆమెకు అలవాటైపోయింది. ఇది ఆ వికారం కాదు.

జానీబీకి ఏడాదిగా గొంతు కింద వాపు. ఎంత తిన్నా చిక్కిపోవడం, గుండెదడ, చేతుల వణుకు. గుంటూరు డాక్టర్లు చూసి మద్రాసు పంపారు. పెద్దకొడుకు బుడాన్ వెంట వెళ్ళి, పది రోజులకు తిరిగి తీసుకొచ్చాడు. మంచి మందు పడిందనీ, రెండు నెలల్లో అమ్మ మామూలు మనిషవుతుందనీ అద్దంకి బజారంతా చెప్పాడు. అంతకు మించి ఇంట్లోనూ చెప్పలేదు.

చెప్పనిదంతా కాగితంలో ఉంది. జానీబీ అనే రోగికి గొంతులోని గ్రంథికోసం రేడియో అయోడిన్ తాగించారు. వారం రోజులు వార్డులోనే ఉండవలసిన మనిషిని కొడుకు పట్టుబట్టి మూడోరోజే తీసుకుపోతున్నాడు. పదిహేను రోజులపాటు పసిపిల్లలుగానీ గర్భిణులుగానీ ఆమెకు ఆరడుగుల లోపు రాకూడదు. ఆమె మూత్రం, వాంతి, చెమట పట్టిన బట్టలు గర్భిణులు బొత్తిగా ముట్టుకోకూడదు. అడుగున, ఇదంతా తెలుగులో చెప్పించుకుని విన్నట్టుగా బుడాన్ సంతకం. తొందరలో గిలికిన సంతకం కాదు. గుండ్రంగా, తీరుబడిగా చేశాడు.

ఐదు రోజుల్లో నజీరా ముట్టుకోనిదేముంది? అత్తగారు రైల్లో కట్టుకొచ్చిన చీర మీద వాంతి ఎండిపోయి ఉంటే గోటితో గీకి ఉతికింది. పొద్దునా సాయంత్రం ఆ బేసిను ఎత్తి పోసింది. చెమట తుడిచింది. పెద్దామె తాగలేక వదిలేసిన గంజి పారబోయడం పాపమని తనే తాగేసింది. ఒక్కతే పడుకోలేనంటే పక్కనే చాపేసుకుంది.

కుంకుడుకాయ పులుసుతో చేతులు కడుక్కుంది. బూడిదతో తోముకుంది. మళ్ళీ కుంకుడుకాయతో. చర్మం మండుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏ వాసనా లేదు. అది ఇంకా అసహ్యమనిపించింది.

చేతుల సంగతి అలా ఉంచితే, ఈ ఐదు రోజుల్లో బావగారు నడిచిన తీరు ఒక్కొక్కటే ఇప్పుడు కళ్ళకు కడుతోంది. కళ్ళంలో మిరపకాయ ఉంది, కావలి ఉండాలని చెప్పి బుడాన్ ఒక్కరోజు కూడా ఇంట్లో పడుకోలేదు. అన్నం హోటలు నుంచి తెప్పించుకుని అరుగు మీదే తిన్నాడు. తల్లిని పలకరించడానికి వస్తే రోలు అవతలే ఆగిపోయేవాడు. ఎలా ఉందమ్మా అని అక్కడినుంచే అడిగి, జవాబు సగం వినకుండానే వెళ్ళిపోయేవాడు. వాళ్ళు మద్రాసు నుంచి దిగిన రోజు పొద్దున్నే, ఆయన పంపిన కబురందుకుని తోడికోడలు ఖుర్షిదా ముగ్గురు పిల్లల్ని తీసుకుని దర్శి బస్సెక్కింది. పుట్టింట్లో తల్లికి జ్వరమన్నారు. ఇంటెడు చాకిరీ మీద పడిందేనని నజీరా ఆరోజు విసుక్కుంది. పాపం వాళ్ళమ్మకి ఎలా ఉందోనని మర్నాడు బాధపడింది కూడా. ఆ బాధపడినందుకు ఇప్పుడు తనమీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం బుడాన్ కళ్ళం నుంచి వచ్చాడు. వచ్చేలోపే ఎవరో చెప్పినట్టున్నారు.

"ఏంటమ్మాయ్, బేసిను తియ్యనన్నావంట."

నజీరా కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. కాగితం విప్పి, ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పుకుంటూ పోయింది. వసారాలో కూలీలు వింటున్నారని తెలుసు. వినాలనే చదివింది. బుడాన్ ముఖంలో ఏ మార్పూ రాలేదు. చివర తన సంతకం సంగతి వచ్చినప్పుడు మాత్రం కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు.

వాళ్ళు రాసేవన్నీ పట్టించుకుంటే సంసారాలు చెయ్యలేమన్నాడు. మందు తను కళ్ళారా చూశాడట. రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు తాగించినట్టు తాగించారు. నీళ్ళలాంటి మందు తల్లి కడుపులోంచి వచ్చి పక్కమనిషికి అంటుకుంటుందంటే నమ్మే వెర్రివాణ్ణి కాదన్నాడు. ఆడవాళ్ళకు చెబితే ఊరికే గాభరా పడతారని ఊరుకున్నాడట.

"నీళ్ళయితే ఖుర్షిదక్కని, పిల్లల్ని దర్శి ఎందుకు పంపారు బావగారూ?"

బుడాన్ రోలు మీద చెయ్యి వేసి, అంటుకున్న కారప్పొడిని వేలితో రాస్తూ నిలబడ్డాడు. వాళ్ళమ్మకి జ్వరమని గొణిగాడు. ఆ మాట అక్కడెవరూ నమ్మలేదని అతనికీ తెలుసు. అప్పుడు కోపం తెచ్చుకున్నాడు.

"ఎవరో ఒకరు చూడాలిగా అమ్మని. నా పెళ్ళాం ముగ్గురు పిల్లల తల్లి. పెరిగే పిల్లలు. నీకింకా పుట్టనే లేదుగా."

అని, తను అన్నదాంట్లో తప్పేమీ కనబడనట్టు అరుగు మీద కూర్చుని హోటలు క్యారియరు విప్పాడు. ముక్కలు ఏరుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. ఎముక పీల్చి పక్కన పెట్టాడు. నజీరా ఆ చేతినే చూస్తూ నిలబడింది. ఆ చేత్తోనే కదా సంతకం చేశాడు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆ మనిషికి ఎన్నిసార్లు వడ్డించిందో, ఆ ఎంగిలి పళ్ళేలు ఎన్నిసార్లు ఎత్తిందో గుర్తొచ్చింది.

లోపల జానీబీ నాలుగోసారి పిలిచింది. ఈసారి గొంతులో ఏడుపుంది.

బుడాన్ తలెత్తలేదు.

వసారాలోంచి సుబ్బరావమ్మ లేచింది. అరవై ఏళ్ళ మనిషి, పాతికేళ్ళుగా ఆ ఇంటి చేలో కూలికి వస్తోంది. కొంగుకి చేతులు తుడుచుకుని, నజీరా ముందునుంచే గదిలోకి నడిచింది. ఎందుకు పిన్నీ అని నజీరా ఆపబోయింది.

"నా ముట్లుడిగి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు నాకొచ్చి పోయేదేముంది" అంది సుబ్బరావమ్మ. "ఎక్కడ పొయ్యాలో చెప్పు."

కాలవలో వద్దనీ, దొడ్డి చివర గొయ్యి తీసి అందులో పోసి మన్ను కప్పమనీ, చేతులకు గుడ్డ చుట్టుకోమనీ నజీరా చెప్పింది. ముసలామె బేసిను రెండు చేతులా పట్టుకుని అరుగు పక్కగా, తింటున్న బుడాన్ మోకాలికి ఆనుకుంటున్నంత దగ్గరగా నడిచి వెళ్ళింది. బుడాన్ క్యారియరు పట్టుకుని ఒక్క గంతులో అవతలికి దూకాడు.

కూలీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు.

*

జానీబీకి అన్నీ వినబడ్డాయి. మట్టిగోడల ఇంట్లో వినబడకుండా ఉంటుందా?

నజీరా గుమ్మం బయటే కూర్చుంది. ఇద్దరి మధ్యా మంచమంత దూరం ఖాళీగా ఉంది.  తర్వాత జానీబీ, ఎవరో అడిగినట్టుగా, మద్రాసు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.

ముందు ఒకరోజు గుక్కెడు మందిచ్చి మర్నాడు బల్లమీద పడుకోబెట్టారట. పైన ఇనపచెయ్యిలాంటి మిషను. గొంతు మీదుగా అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, నాట్లేసే మనిషి మడిలో నడిచినట్టు నెమ్మదిగా కదిలింది. కదిలినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు. పక్కన కాగితం మీద చుక్కలు పడ్డాయి. గంటసేపటికి ఆ చుక్కలన్నీ కలిసి ఒక బొమ్మయింది. ఇదే నీ గొంతులోని గ్రంథి, చుక్కలు ఒత్తుగా ఉన్నచోట రోగం ఉందని తెలుగు తెలిసిన నర్సు చూపించింది. కత్తి పెట్టకుండా, గొంతు కొయ్యకుండా లోపలున్నదాన్ని బయట గీసి చూపారని జానీబీ ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే చెప్పింది.

ఆ తర్వాత అసలు మందు. గ్లాసుని పటకారుతో పట్టుకుని అందించారట. తాగిన వెంటనే అందరూ గదిలోంచి బయటికి పోయారు. మూడు రోజులు అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళడమే.

"నా ఒంటిమీద చెయ్యేసిన మనిషి లేదమ్మాయ్. నన్ను చూస్తే నాకే ఎట్టాగో అయిపోయింది. కుళ్ళిపోయినదాన్ని చూసినట్టు చూశారు."

 ఆవిడ చెప్పబోయేది ఇంకా ఉందని తెలుస్తోంది.

"నన్ను అడిగారు. నర్సు అడిగింది. ఇంట్లో వట్టిమనిషి కానివాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని. లేరని చెప్పా."

"ఎందుకు అత్తమ్మా?"

"ఉన్నారంటే పంపరుగా. ఇంకో నాలుగు రోజులు ఆ గదిలో ఉంచేవాళ్ళు. నా వల్ల కాలా." జానీబీ గోడవైపు తిరిగింది. "ఇంటికొచ్చాక నువ్వు దగ్గరికొచ్చి నుదురు తుడిచావు. చెప్పాలనే అనుకున్నా. చెబితే చెయ్యి తీసేస్తావు. రేపు చెబుదాంలే, రేపు చెబుదాంలే అనుకుంటా ఉన్నా."

నజీరాకు లేచి వెళ్ళి ఆ ముసలిదాని వీపు నిమరాలనిపించింది. అదే క్షణంలో ఆ వీపు మీది చెమట చూస్తే అసహ్యమేసింది. రెండూ ఒకేసారి ఎలా కలుగుతున్నాయో ఆమెకు అర్థం కాలేదు. కూర్చున్నచోటే కూర్చుంది. జాలి ఉందని అసహ్యం తగ్గలేదు. ఇంకా చిక్కగా అయింది.

లేచి, ముఖం కడుక్కుని, పోస్టాఫీసుకి నడిచింది. మంగళగిరిలో తండ్రి జక్రయ్యకు తంతి ఇచ్చింది. వెంటనే బయల్దేరి రమ్మని, తను క్షేమమని రాసింది. రెండో మాట నిజమో కాదో తెలియకుండానే రాసింది.

*

సాయంత్రం పరుపుల కొట్టు కట్టేసి నజీరా భర్త రంజాన్ వచ్చాడు. పెళ్ళిళ్ళ రోజులని, పరుపులు కుట్టించాలని అతను కూడా ఈ ఐదు రోజులూ కొట్టులోనే పడుకుంటున్నాడు. తలలోనూ మీసాల్లోనూ దూది పీచు. భార్య చేతిలోంచి కాగితం తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూశాడు. నజీరా విషయం చెబుతుంటే తల వంచుకుని విన్నాడు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది. ఆ ఒక్కమాట అడగడానికి మధ్యాహ్నం నుంచీ గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

"నాకెవరు చెప్పారు? అన్న నాతో ఒక్క ముక్కన్నా అనలా."

ఆ జవాబుతో నజీరాకు ఊపిరాడింది. ఆ ఇంట్లో తనకంటూ ఒక మనిషి మిగిలాడనిపించింది. రంజాన్ చరచరా అరుగు మీదికి వెళ్ళి అన్న చొక్కా పట్టుకున్నాడు. నా భార్యనే దొరికిందా నీకని కేకలేశాడు. వీధిలో నలుగురు పోగయ్యారు. బుడాన్ విడిపించుకోలేదు. తమ్ముడి ముఖంలోకి వింతగా చూశాడు. ఏదో అనబోయి, నజీరా గుమ్మంలో నిలబడి ఉండటం గమనించి, పెదవులు బిగించుకున్నాడు.

తప్పు చేసినవాడు గనక నోరెత్తలేదని నజీరా అనుకుంది.

ఆ తర్వాత రంజాన్ ఎంతో బుజ్జగించాడు. తనే కుండలో నీళ్ళు తెచ్చి ఆమె చేతులమీద పోశాడు. భయపడొద్దనీ, ఏమీ కాదనీ పదే పదే అన్నాడు. అతను అంత ధైర్యంగా అంటుంటే ఆమెకు కాస్త ధైర్యం వచ్చిన మాట నిజం.

మర్నాడు మధ్యాహ్నానికి జక్రయ్య దిగాడు. హైస్కూల్లో సైన్సు మాస్టరు. తంతి అందగానే ఎవరో పోయారనుకుని, కట్టుబట్టలతో వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. వియ్యపురాల్ని గానీ బుడాన్‌ని గానీ ఒక్క మాట అనలేదు. కూతుర్ని మాత్రం ఏమేం ముట్టుకున్నావు, ఏం తిన్నావు, ఏయే రోజుల్లో అని అడిగి అన్నీ విన్నాడు. గంజి సంగతి విన్నప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

ఈ అయోడిన్ దాని అంతట అదే కరిగిపోతుందనీ, ఇవాళ ఎంత ఉంటే ఎనిమిది రోజులకు అందులో సగమే మిగులుతుందనీ, ఇంకో ఎనిమిది రోజులకు ఆ సగంలో సగమనీ ఆయన చెప్పాడు. ఎప్పటికో గానీ పూర్తిగా పోయిందనలేం. లోపల పడితే నేరుగా వెళ్ళి గొంతులోనే కూర్చుంటుంది. వేరే చోట నిలవదు. నజీరా ఇది చదువుకున్నదే. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, పది మార్కులకు తొమ్మిది తెచ్చుకుంది.

"బిడ్డకి కూడా గొంతుంటుందిగా నాన్నా" అంది.

జక్రయ్య అది తనకు తెలియదనీ, మద్రాసు డాక్టర్లకే చూపించాలనీ అన్నాడు.

మద్రాసు వెళ్ళేముందు, అసలు ఒంట్లోకి పోయిందో లేదో గుంటూర్లోనే చూడొచ్చన్నాడు. తన దగ్గర చదువుకున్న వెంకటనారాయణ అక్కడ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వాళ్ళ లేబరేటరీలో ఇలాంటి కిరణాల్ని లెక్కపెట్టే గైగర్ కౌంటరు ఉంది. నేనూ వస్తానని రంజాన్ పట్టుబట్టాడు. నా భార్యకి నేనుండగా మీరొక్కరే ఎందుకండీ మామగారూ అన్నాడు. ఆ మాటకు నజీరా కళ్ళు చెమర్చాయి.

*

వెంకటనారాయణ నెమ్మదస్తుడు. మాస్టారి కూతురు ఇలాంటి పనిమీద రావడం అతనికి ఇబ్బందిగా ఉంది. మర్నాడు, పిల్లలకి ప్రాక్టికల్సు లేని గంట చూసి గది తలుపులు వేశాడు. బల్లమీద రేడియోలాంటి పెట్టె, దానికి తీగ, తీగ చివర బొటనవేలంత లావు గొట్టం. మీట నొక్కగానే పెట్టె టిక్కుమంది. ఆగి ఇంకోసారి టిక్కుమంది.

ఇప్పుడు గొట్టం దగ్గర ఎవరూ లేరే అని రంజాన్ అడిగాడు. గోడల్లోంచి, గాలిలోంచి, ఆకాశంలోంచి ఎప్పుడూ ఇంత వస్తూనే ఉంటుందని, ముందు అది లెక్కపెట్టుకోవాలని లెక్చరరు చెప్పాడు. నిమిషానికి ఇరవై రెండు.

గొట్టాన్ని నజీరా అరచేతి దగ్గర పెట్టాడు. ఇరవై ఆరు. అది లెక్కలోకి రాదన్నాడు. మోకాలి దగ్గర ఇరవై మూడు. 

తర్వాత గొంతు. కొంగు కాస్త పక్కకు జరుపుకోమన్నాడు. గొట్టం చల్లగా చర్మానికి ఆనుతుండగానే చప్పుడు మారింది. లెక్కపెట్టనక్కర్లేకుండానే అందరికీ తెలిసింది. వానచినుకులు ఒక్కొక్కటే పడుతూ పడుతూ కాస్త వడిగా అందుకున్నట్టుగా ఉంది. నిమిషం పూర్తయ్యేసరికి అరవై ఒకటి.

అతను ఇంకోసారి చూశాడు. యాభై ఎనిమిది.

మందు లోపలికి పోయిందనీ, అయితే చాలా కొద్దిగానేననీ, పెద్దవాళ్ళకు దీనివల్ల ఏ ప్రమాదమూ ఉండదనీ వెంకటనారాయణ అన్నాడు. జానీబీకి ఇచ్చినదాంతో పోలిస్తే లెక్కలోకి కూడా రాదట. కానీ బిడ్డ సంగతి తను చెప్పగలిగింది కాదు. అది మద్రాసు డాక్టర్లే చెప్పాలి.

"ఎన్నో నెలండీ?" అని మాస్టారి వంక చూసి అడిగాడు.

నజీరా నోరు తెరిచేలోపే రంజాన్ అందుకున్నాడు. "దానికి భయం లేదండి. బిడ్డకి గొంతులో ఆ గ్రంథి పన్నెండో వారం దాటితేగాని పని మొదలుపెట్టదంట. అప్పటిదాకా ఈ మందు పోయినా బిడ్డని పట్టుకోదంట. ఈమెకింకా పదో వారమేగా."

"అలాగా. నాకా సంగతి తెలియదండి" అన్నాడు వెంకటనారాయణ. "మంచి మాట చెప్పారు. డాక్టరెవరన్నా చెప్పారా?"

అతను మామూలుగానే అడిగాడు. రంజాన్ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

కాగితంలో వాక్యాలన్నీ నజీరాకు కంఠతా వచ్చు. అందులో వారాల మాట లేదు. తండ్రికి తెలియదు. ఈ లెక్చరరుకు తెలియదు. బుడాన్ ఇలాంటివి అడిగి తెలుసుకునే మనిషి కాదు. అన్న మద్రాసులో ఉండగా, బయల్దేరడానికి ముందురోజు, రంజాన్ పోస్టాఫీసుకి వెళ్ళి ఆసుపత్రికి ట్రంకాల్ చేశాడు. రెండు గంటలు కాచుకుని మాట్లాడి వచ్చాడు. అమ్మ బాగుందంట అని చెప్పాడు. తల్లిమీద ఎంత ప్రేమో అనుకుంది ఆమె.

"మీరే అడిగారా?" అంది.

రంజాన్ మామగారి వంక చూశాడు, లెక్చరరు వంక చూశాడు, ఎవరూ సాయం రాలేదు.

"అన్న ఫోన్లో చెప్పాడు నజీరా, ఇట్టా ఇట్టా అన్నారని. ఇంట్లో చూసేదానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నేనేమన్నా ఊరికే ఒప్పుకున్నానా. మనింట్లో అని కాదు, ఎవరి ఇంట్లోనో అని చెప్పి డాక్టర్ని కనుక్కున్నా. పన్నెండు వారాల్లోపయితే పర్వాలేదన్నారు. నీకింకా పదేగా. అన్నీ చూసుకునే ఊరుకున్నా."

ఆ 'చూసుకునే' అన్నచోట అతని గొంతులో కాస్త గర్వం కూడా వినబడింది. అన్నకంటే తను ఎంతో నయమని నమ్ముతున్న మనిషి గొంతు అది. మొన్న తన చేతులమీద నీళ్ళు పోసిన చేతులు, అన్న చొక్కా పట్టుకున్న చేతులు, ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. వేళ్ళ సందుల్లో దూది పీచు. నజీరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుడాన్ ఎముక పీలుస్తుంటే కూడా ఇంత అసహ్యం వెయ్యలేదు.

"మీరు నన్నడగాల్సింది" అంది చివరికి.

"అడిగితే నువ్వు ఒప్పుకోవని..."

"ఎన్నో వారమో అడగాల్సింది."

రంజాన్‌కు అర్థం కాలేదు.

"పోయినసారి చెప్పగానే మీ అమ్మ బజారంతా చెప్పింది. పదిరోజులకి కడుపు పోయింది. అందుకని ఈసారి నెలరోజులు దాచా. మీకు చెప్పేనాటికే నాకు రెండో నెల దాటింది. మీరు అప్పుడు మొదటి నెలే అనుకుని లెక్కపెట్టుకున్నారు." ఆమె కొంగు సర్దుకుంది. "ఇప్పుడు నాకు పద్నాలుగో వారం."

జక్రయ్య కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఆపడం మరిచిపోయిన పెట్టె టిక్కుమంటూనే ఉంది. ఇప్పుడు గొట్టం బల్లమీద ఉంది గనక ఆగి ఆగి, తీరుబడిగా.

రంజాన్ ఒక అడుగు ముందుకు వేశాడు. నజీరా అతన్ని చూడలేదు. లెక్చరరు వైపు తిరిగి, బొడ్డు కిందికి చెయ్యి పెట్టి చూపించింది.

"ఇక్కడ చూడండి."

అక్కడ పెడితే తల్లిదేదో బిడ్డదేదో ఈ పెట్టె విడదీసి చెప్పలేదని, తను చూసినా ఉపయోగం లేదని వెంకటనారాయణ నచ్చజెప్పబోయాడు. మాస్టారి వంక చూశాడు. జక్రయ్య తల వంచుకుని ఉన్నాడు.

"చెప్పలేకపోతే పోనివ్వండి. నేను వినాలి" అంది నజీరా.

వెంకటనారాయణ గొట్టం అందుకుని, ఆమె చూపిన చోట, చీర మీదుగానే ఆనించాడు. గడియారం వంక చూసుకుని లెక్క మొదలుపెట్టాడు.